పరదాకు ఇవతలి సభ

ఆ వీధిలో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎప్పుడో పోయారు. చిన్నా పెద్దా అందరికీ ఆయన కుర్చీలాయనే. మడత పెట్టే ఇనప కుర్చీలు, రెండు టెంట్లు, ఒక మైకు సెట్టు, బూడిదరంగు పొడవాటి పరదా ఒకటి. ఇదీ ఆయన సంసారం. పెళ్లికీ ఆయనే కుర్చీలు వేస్తాడు, చావుకీ ఆయనే వేస్తాడు. పెళ్లికి వేసేటప్పుడు కుర్చీ కాళ్లు ఎంత చప్పుడు చేసినా పట్టించుకోడు. చావింట్లో మాత్రం ఒక్కో కుర్చీ కింద చెయ్యి పెట్టి, నిద్రపోతున్న పసిపిల్లను పక్క మీదికి దించినట్టు దించుతాడు. ఆ మర్యాద ఆయనకు ఎవరూ నేర్పలేదు.

పార్టీ సభలకు మాత్రం అద్దె పుచ్చుకునేవాడు కాదు.

"సొంతింట్లో కుర్చీ వేసి అద్దె అడుగుతారా ఎవరైనా?" అనేవాడు.

"ఆ సొంతింట్లో మీకెప్పుడైనా ఓ కుర్చీ వేసి కూర్చోమన్నారా ఎవరైనా?" అని భార్య అడిగేది.

ఆయన నవ్వేసి షెడ్డులోకి వెళ్లి, కుర్చీల తుప్పు గీకుతూ కూర్చునేవాడు.

పార్టీ ఆయనకు పుట్టుమచ్చలా పుట్టుకతోనే వచ్చింది. తండ్రి జెండా మోశాడు. అన్న వార్డు కార్యదర్శి అయ్యాడు. అన్న మాటకారి, ఎదుటివాడు తిట్టడానికి వచ్చినా టీ తాగించి పంపేవాడు. తమ్ముడికి ఆ విద్య అబ్బలేదు. నలుగురిలో నోరు తెరిస్తే నాలుక పిడచకట్టుకుపోయేది. అందుకని కుర్చీలు వేశాడు. అన్న వేదిక మీద మాట్లాడుతుంటే వెనక గోడకు ఆనుకుని నిలబడి, తను వేసిన వరసల్లో జనం ఎలా ఒదిగి కూర్చున్నారో చూసుకోవడమే ఆయనకు తెలిసిన రాజకీయం.

అన్న బతికున్న రోజుల్లో కుర్చీలు చాలేవి కావు. అరువు తెచ్చినా చాలక కిటికీలెక్కి కూర్చునేవాళ్లు. పార్టీ గెలిచింది. గెలిచి కూర్చుంది. కూర్చుని లావెక్కింది. పనిబడ్డవాళ్లు ఆఫీసు మెట్ల మీద పూటపూటంతా కాచుకోవలసి వచ్చింది. లోపలున్నవాళ్లకు బయటున్నవాళ్ల ముఖాలు మరుపున పడ్డాయి. ఒక ఎన్నికలో ఓడారు, ఎదురుగాలి వీచింది అన్నారు. మళ్లీ ఓడారు, డబ్బు పారింది అన్నారు. ఆ తర్వాతి ఓటమికి ఏమనాలో ఎవరికీ తోచలేదు.

జనం పలచబడుతున్న కొద్దీ కుర్చీలాయన పనితనం పెరుగుతూ వచ్చింది.

సగం నిండిన హాలును నిండు హాలులా చూపించడం కూడా ఒక విద్యే. మొదటి వరసను వేదికకు దూరంగా జరపాలి. నడిమి దారిని వెడల్పు చెయ్యాలి. కుర్చీల్ని తిన్నగా కాక కాస్త ఏటవాలుగా వేస్తే మూడు వరసల జనం అయిదు వరసల్లా కనిపిస్తారు. అన్నిటికన్నా పెద్ద కిటుకు, వచ్చేవాళ్ల కన్నా కుర్చీలు కొన్ని తక్కువ వెయ్యడం. పదిమంది గోడవార నిలబడితే చాలు, చూసేవాడికి సభ కిక్కిరిసిపోయినట్టే. ఖాళీ కుర్చీ ఒక్కటి కంటబడిందా, కొండంత సభా కూలినట్టే.

ఇక పరదా. పార్టీ హాలు ఒకప్పుడు గోదాము. రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ఒక కొసన వేదిక, వేదికకు కాస్త ఇవతల పక్కగోడకు గుమ్మం. వెనక భాగాన్ని అడ్డంగా పరదా కట్టి మూసేసేవాడు. పరదా రంగూ గోడ రంగూ ఒకటే. దాని మీద నాయకుల బొమ్మలున్న బ్యానరు వేలాడదీస్తే ఎవరైనా అదే వెనకగోడ అనుకోవలసిందే. మిగిలిన కుర్చీలు దాని వెనక చీకట్లో దొంతరలుగా పడి ఉండేవి. ప్రతి ఓటమి తర్వాతా ఆ పరదా వేదిక వైపు కొంచెం జరిగేది.

మొదట్లో, ఫొటోకి బాగుంటుందని నాయకులే అడిగి కట్టించుకున్నారు. పోనుపోను ఆ నాయకులు వెళ్లి కొత్తవాళ్లు వచ్చారు. ఆ గోడ వెనక ఇంకో సగం హాలు ఉందని వాళ్లకు తెలియదు. సభ నిండిందని పై ఆఫీసుకు చెప్పేవాళ్లు. పై ఆఫీసు నమ్మేది. కుర్చీలాయన దాన్ని మోసం అనుకోలేదు. చిరుగున్న దుప్పటిని మంచివైపు పైకి వచ్చేలా మడిచి పరిచే ఇల్లాలు తను మోసం చేస్తున్నాననుకుంటుందా? అలాగే.

ఇలా ఉండగా పై ఆఫీసు తన తీరు మార్చుకోదలచుకుంది. వార్డు ఎన్నికల ముందు ప్రతిచోటా 'వినడానికి వచ్చాం' అని సభలు పెట్టమని కబురు పంపింది. ఈ సభల్లో నాయకులు మాట్లాడకూడదు. జనం మాట్లాడాలి, నాయకులు వినాలి. పాతవాళ్లను పక్కకు జరిపి, వీధిలో మంచిపేరున్న కొత్త మనిషిని నిలబెట్టాలి.

"పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నవాళ్లకి వినడం చేతనవుతుందా? చెవులు కూడా వాడకపోతే మీ కుర్చీల్లాగే బిగుసుకుపోతాయి" అంది కుర్చీలాయన భార్య.

ఆ కొత్త మనిషి ఎవరో కాదు, చనిపోయిన అన్న కూతురే. పెద్దాసుపత్రిలో కాలిన గాయాల వార్డులో నర్సు. వీధిలో అందరూ నర్సమ్మ అంటారు. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా చిన్నాన్న షెడ్డుకు వచ్చింది. ఆయన కుర్చీల మడతబందులకు నూనె పెడుతున్నాడు.

"చిన్నాన్నా, నీతో ఓ మాట."

"చెప్పమ్మలూ."

"నిలబడమంటున్నారు. నిలబడాలంటే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి, ఆస్పత్రి రూలు అది. వదిలేశాక మళ్లీ రమ్మనరు. నా జాగాలోకి రావడానికి బయట ఎంతమంది కాచుకునున్నారో నీకు తెలీదు."

"నీకుందా, నిలబడాలని?"

ఆమె ఒక కుర్చీ విప్పుకుని కూర్చుంది. "ఉంది. రోజూ కాలినవాళ్లకి కట్లు కడతాను. కాల్చేవాటి జోలికి మాత్రం ఎవరూ పోరు. ఎవరో ఒకరు పోవాలి కదా. కానీ నాన్న పేరు చూసి నన్ను నిలబెడుతున్నారేమో, నన్ను చూసి వచ్చేవాళ్లెవరూ లేరేమో అని భయం. అమ్మ మందులకీ ఇంటికీ ఆ జీతమే కదా దిక్కు. అందుకే ఆ సభ చూసి తేల్చుకుంటానన్నాను. మనవాళ్లు వస్తే సరిపోదు. వీధిలో జనం వస్తే నిలబడతాను. రాకపోతే నోరు మూసుకుని డ్యూటీకి పోతాను."

"వస్తారులేమ్మా."

"అదిగో, అలా అనకు. పెద్దవాళ్ల సభలకి నువ్వేవో సర్దుబాట్లు చేస్తావని పిన్ని నవ్వుతుంటుంది. నాకవి వద్దు. పదిమంది వస్తే ఆ పదిమందినే చూడాలి నేను."

"సరే తల్లీ."

"ఒట్టు?"

"పోవే, నీతో ఒట్లేంటి" అన్నాడు ఆయన, నూనె గుడ్డ మడుస్తూ.

సభ రోజు సాయంత్రం చినుకులు పడుతున్నాయి. కుర్చీలాయన మాట తప్పలేదు. పరదా కట్టకుండా, హాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా కుర్చీలు వేశాడు. వేసి వేదిక మీద నిలబడి చూస్తే ఆయనకే కళ్లు తిరిగాయి. మన హాలు ఇంత పొడుగా అనుకున్నాడు.

జనం రావడం మొదలైంది. పాత కార్యకర్తలు, వాళ్ల భార్యలు, వాళ్ల కోడళ్లు. అంతా మొదటి వరసల్లో ఒక మూలకు చేరి ఒకళ్లనొకళ్లు పలకరించుకుంటున్నారు. వాళ్ల వెనక కుర్చీలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పై ఆఫీసు నుంచి వచ్చిన పరిశీలకుడు, ఇస్త్రీ చొక్కా కుర్రవాడు, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"వస్తారండీ, వాన కదా" అన్నాడు కుర్చీలాయన.

"ఈ వార్డు మీద మాకు ఆశ ఉండేది. ఇలా ఉంటే ఆవిడ పేరు పైకి పంపడం కష్టమండీ. ఏమని పంపను?"

ఆ కుర్రవాడు ఫోను చూసుకుంటూ వరండాలోకి వెళ్లాడు. కుర్చీలాయన తడి బట్టలతో హాలు మధ్యలో నిలబడిపోయాడు. ఇంకాసేపట్లో ఆ పిల్ల డ్యూటీ దిగి ఆ గుమ్మంలోంచి లోపలికి వస్తుంది. తండ్రి నిలబడిన వేదిక ఎక్కి చూస్తుంది. ఈ ఖాళీ చూస్తుంది. ఆయన భార్య దగ్గరికి వెళ్లాడు.

"ఇది చూస్తే దాని గుండె పగిలిపోతుంది" అన్నాడు గొంతు తగ్గించి.

"చూడనివ్వండి. చూడాలనే కదా అది అడిగింది?"

"నీకు తెలీదు."

"నాకు తెలీకపోతే పోయింది, దానికి తెలియాలా వద్దా?"

ఆయన వినలేదు. చేతులు అలవాటుపడ్డ పని, మనసుతో నిమిత్తం లేకుండా చేసుకుపోయాయి. వెనక కుర్చీలు మడిచి దొంతర పెట్టాడు. పరదా లాగి మేకులకు బిగించాడు. మూలకు చేరినవాళ్లను లేపి, వరసల్ని ఏటవాలుకు తిప్పి వాళ్లను సర్ది కూర్చోబెట్టాడు. చివరి వరసను పరదాకు ఆనించాడు. లెక్క ప్రకారం కొన్ని కుర్చీలు తీసేశాడు. పాత కార్యకర్తల్లో ఆలస్యంగా వచ్చినవాళ్లు కొందరు కూర్చునే చోటు లేక గోడవార నిలబడ్డారు. పరిశీలకుడు వరండాలోంచి తిరిగొచ్చి చూసి, "అరే, నిండిపోయిందే" అన్నాడు. పక్కనే జరిగిందాన్ని కూడా ఆ కుర్రవాడు చూడలేదు. ఫోనులో ఉన్నాడు.

నర్సమ్మ లోపలికి వచ్చింది. గొడుగు దులిపి తలెత్తింది. ఆమె ముఖంలో కలిగిన మార్పును కుర్చీలాయన గోడవార నిలబడి కళ్లారా చూశాడు. అలసట పోయి, ఆ ముఖం చిన్నప్పటి ముఖమైంది.  చేసింది మంచిపనే అనుకున్నాడు.

వినే సభ మొదలైంది. నర్సమ్మ వేదిక మీద నిలబడకుండా కిందికి దిగి, "మేం ఎక్కడ తప్పు చేశామో మీరే చెప్పండి. మొహమాటపడకండి" అంది.

ఎవరూ లేవలేదు. చివరికి ఒక పాత కార్యకర్త లేచి, ఆమె తండ్రి ఎంత గొప్పవాడో చాలాసేపు చెప్పాడు. ఇంకొకాయన లేచి, పార్టీలోని వెన్నుపోటుదార్లందరినీ పేరుపేరునా తిట్టాడు. మూడో ఆయన, "తప్పు మనది కాదమ్మా, జనం చెడిపోయారు" అన్నాడు. చప్పట్లు గట్టిగా మోగాయి. పరిశీలకుడు తల ఊపుతూ విన్నాడు.

"జనం అంటే ఎవరు బాబాయ్, మనం కాదా?" అంది నర్సమ్మ. అందరూ హాయిగా నవ్వారు. ఆమె నవ్వలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర కొందరు ఆడవాళ్లు కనిపించారు. మెయిన్ రోడ్డు మీద ఆవిరి లాండ్రీ ఉంది, ఆస్పత్రి దుప్పట్లూ హోటలు దుప్పట్లూ ఉతికేది. అందులో పనిచేసేవాళ్లని చూడగానే తెలిసిపోతుంది. వేళ్ల చివర్లు నాని తెల్లబారి ఉంటాయి. షిఫ్టు దిగి వచ్చినట్టున్నారు. చేతుల్లో టిఫిను డబ్బాలు ఉన్నాయి. ముందున్న పెద్దావిడ తొంగిచూసి, దగ్గర్లో ఉన్న కుర్చీలాయన్ను అడిగింది.

"కూర్చోడానికి చోటుందా అన్నా?"

ఆయనకు మొదట వచ్చిన ఆలోచన, వీళ్లు మనవాళ్లు కాదే అని. ఆ లాండ్రీ సందు ఎప్పుడూ అవతలి పార్టీకే వేసేది. వానకు తలదాచుకోవడానికి వచ్చారేమో అనుకున్నాడు. అయినా కుర్చీలు వెయ్యాలి. కుర్చీలన్నీ పరదా వెనక ఉన్నాయి. తియ్యాలంటే చివరి వరసను లేపి, పరదా విప్పాలి. విప్పితే ఆ వెనక చీకటి, ఆ ఖాళీ, పరిశీలకుడి కళ్లెదుట, ఆ పిల్ల కళ్లెదుట పరుచుకుంటుంది.

"కాసేపు నిలబడండమ్మా. ఎవరో ఒకరు లేస్తారు" అన్నాడు.

ఆవిడ ఆయన ముఖం చూసింది. తర్వాత లోపలికి చూసింది. నిండిన వరసలు, గోడవార నిలబడ్డ తెల్లచొక్కాలు, చప్పట్లు. నర్సమ్మ అప్పుడు అటు తిరిగి ఉంది, ఎవరికో బదులు చెబుతోంది.

"పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాం లే" అని ఆవిడ మెల్లగా అంది. వెనకవాళ్లతో ఏదో చెప్పింది. కొంగులు తలమీదికి లాక్కుని వానలోకి దిగి వెళ్లిపోయారు.

వెనక్కి పిలుద్దామని ఆయన రెండడుగులు వేశాడు. పిలిచి ఎక్కడ కూర్చోబెడతాడు? ఆగిపోయాడు.

సభ అయ్యాక నర్సమ్మ పరుగున వచ్చి ఆయన చేతులు పట్టుకుంది.

"ఇంతమంది వస్తారనుకోలేదు చిన్నాన్నా. సగం ముఖాలు నేనెరగను, అంటే అంతా మనవాళ్లే కాదన్నమాట. నువ్వేం సర్దుబాటు చెయ్యలేదు కదా?"

"నువ్వే చూశావు కదమ్మా" అన్నాడు.

వెనక నుంచి భార్య ఆయన్నే చూస్తోంది. ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లే దారంతా కూడా ఏమీ అనలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఆయనకు జ్వరం వచ్చినట్టుంటుంది.

ఆ వారంలోనే నర్సమ్మ రాజీనామా ఇచ్చింది.

ఎన్నిక గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నర్సమ్మ గడపగడపకీ తిరిగింది. కడుపులో ఎంత వ్యతిరేకత ఉన్నా జనం మర్యాద తప్పలేదు. "ఆలోచించి చెప్తాంలేమ్మా" అన్నారు. లాండ్రీ సందుకు వెళ్తే తలుపులు చేరవేసి ఉన్నాయి. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె ఒక్కో తలుపూ తట్టి, కాసేపు ఆగి, పక్క తలుపుకు పోయింది. కుర్చీలాయన జెండా పట్టుకుని వెనకాలే నడిచాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే దాని కాళ్లు విరగ్గొట్టినట్టే అని మింగేశాడు. మేకపోతు గాంభీర్యం ఒలకబోస్తూ, "ఈసారి గాలి మనదే" అని అందరితో అన్నాడు.

ఫలితం వచ్చిన రోజు నర్సమ్మ మూడో స్థానంలో ఉంది. డిపాజిట్ కూడా దక్కలేదు. పరిశీలకుడు ఫోను చేసి, "హాలు అంత నిండింది కదండీ, ఏమైపోయారు వాళ్లంతా?" అని నిజంగానే అయోమయంగా అడిగాడు. పై ఆఫీసు ఓటమికి కారణాలు వెతకడానికి ఒక కమిటీ వేసింది.

"ఆ కమిటీకి కుర్చీలు కూడా మనవేనా?" అని అడిగింది భార్య. సభ రోజు తర్వాత ఆవిడ నోట వచ్చిన మొదటి వెటకారం అది. ఆయన నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

నర్సమ్మ ఆస్పత్రికి వెళ్లి అడిగింది. ఆమె చోటులో అప్పటికే వేరే పిల్ల చేరింది. మేట్రన్ కళ్లనీళ్లు పెట్టుకుంది కానీ చెయ్యగలిగింది లేదు. ప్రైవేటు క్లినిక్‌లు కూడా పార్టీ మనిషి మాకెందుకని తప్పించుకున్నాయి. కుర్చీలాయన వెళ్లేసరికి ఆమె ముందుగదిలో నేల మీద కూర్చుని, తల్లి మందుబిళ్లల్ని రెండు రోజులకు సరిపోయేవి నాలుగు రోజులకు వచ్చేలా సగానికి విరుస్తోంది. వదిన లోపల మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది.

ఆయన కుర్చీ లాక్కోలేదు. గోడకు ఆనుకుని నిలబడే చెప్పాడు. పరదా సంగతి చెప్పాడు. కుర్చీలు తీసేసిన సంగతి చెప్పాడు. లాండ్రీ ఆడవాళ్ల సంగతి చివర్న చెప్పాడు.

నర్సమ్మ అంతా విని, చేతిలో విరిచిన బిళ్లను డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఎంతమంది వాళ్లు?"

"చాలామందే. గుమ్మం నిండా ఉన్నారు."

"ఏమడగాలని వచ్చారు?"

"నేనడగలేదమ్మా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. లేచి చెప్పులు వేసుకుంది.

"పద. వాళ్లెవరో నాకు చూపించు."

లాండ్రీ గేటు దగ్గరికి వెళ్లేసరికి షిఫ్టు మారుతోంది. గోడ పైన గొట్టంలోంచి ఆవిరి బుసకొడుతూ వస్తోంది. ఆడవాళ్లు డబ్బాలు చంకన పెట్టుకుని బయటికి వస్తున్నారు. ఆ రోజు మాట్లాడిన పెద్దావిడను ఆయన గుర్తుపట్టి చూపించాడు. తోటివాళ్లు ఆవిడను పెద్దక్క అంటున్నారు.

"అక్కా, మా సభకి వచ్చి వెళ్లిపోయారట. ఏమడగాలనుకున్నారు?" అంది నర్సమ్మ.

"ఓట్లయిపోయాయి కదమ్మా, ఇంకా తిరుగుతున్నావేంటి?"

"వచ్చేసారికి ఇప్పట్నుంచే నారు పోస్తోందేమోలే" అని పక్కనున్న సన్నటావిడ అంది. నలుగురూ నవ్వారు. నర్సమ్మ కదల్లేదు. పెద్దక్క నవ్వు ఆపి ఆమెను పరిశీలనగా చూసింది.

"దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి ప్రెస్సు మూత వదులైందని చెప్పి చెప్పి మా నోళ్లు పడిపోయాయి. ఒకరోజు ఊడి మా పిల్లొకత్తి చెయ్యి మోచేతి దాకా కాలింది. నువ్వే కట్టు కట్టావు."

"ఎడం చెయ్యి" అంది నర్సమ్మ వెంటనే. "వంటింట్లో వేణ్ణీళ్లు పడ్డాయని రాశారు."

"మా మేనేజరు రాయించాడు. నీళ్లు పడితే ఇలా కాలదని నువ్వు పక్క నర్సుతో అన్నావట. ఆ పిల్ల వినింది. ఆ మాటే పదిమందిలో అంటావేమో అడుగుదామని ఆ రోజు వచ్చాం. వస్తే నీ హాలు నిండుగా ఉంది. ఇంత బలగం ఉన్నావిడకి మనతో ఏం పని అనుకున్నాం."

కుర్చీలాయన తల ఎత్తలేదు.

"ఇప్పుడంటాను అక్కా. ఎక్కడ అనమంటే అక్కడంటాను."

"ఎవరిగా అంటావు?" పెద్దక్క గొంతులో కోపం లేదు. బట్ట తిప్పి చూస్తున్నట్టు అడిగింది. "అప్పుడు నర్సువి. నీ మాటకి ఆస్పత్రి మాటంత బరువుండేది. గెలిచుంటే కౌన్సిలరువి. ఇప్పుడెవరని చెప్పుకోవాలి మేము?"

నర్సమ్మ గేటు లోపలికి చూసింది.

"గెలిచినాయన చేస్తానన్నాడా?" అంది.

"మీ సభ మర్నాడే వచ్చి మా గడప మీద కూర్చున్నాడు. తప్పకుండా అన్నాడు. ఆ మూత ఇంకా అలాగే ఉంది. తీగ కట్టి వాడుతున్నాం."

"ఆ పిల్లెలా ఉంది?"

"ఎలా ఉంటుంది. పనిలోకి తీసుకోలేదు. వేళ్లు ముడుచుకుపోయాయి."

"రోజూ చాపించడం లేదా? మొదటి నెలల్లో చాపించకపోతే అవి..." అని నర్సమ్మ ఆగిపోయింది. ఆ పని నేర్పవలసింది తనే. ఆ పిల్ల మళ్లీ కట్టు మార్పించుకోవడానికి వచ్చే రోజుకు తను ఆ వార్డులో లేదు. "ఒకసారి చూస్తాను. ఎక్కడుంటుంది?"

ఆడవాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. నారు పోస్తోందన్న సన్నటావిడ వద్దన్నట్టు తల ఆడించింది. పెద్దక్క డబ్బాను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"రా మరి. వచ్చి చూసిపో. మాట మాత్రం ఇవ్వకు. ఆ ఇంట్లో మాటలకి కొదవ లేదు."

వాళ్లు నడిచారు. కుర్చీలాయన కూడా వెనకాలే కదిలాడు.

"నువ్వాగన్నా" అంది పెద్దక్క, తిరిగి చూడకుండానే.

నర్సమ్మ వెనక్కి తిరుగుతుందేమోనని ఆయన చూశాడు. ఆమె చెయ్యి చాపి, వేళ్లను ఒక్కొక్కటిగా వెనక్కి వంచి చూపిస్తూ పెద్దక్కను ఏదో అడుగుతోంది. పెద్దక్క కాదన్నట్టు తల ఊపుతోంది. గుంటల్లో నీళ్లు తప్పించుకుంటూ అందరూ సందులోకి తిరిగారు. కొత్త షిఫ్టు వాళ్లు ఆయన్ను ఒరుసుకుంటూ లోపలికి పోతున్నారు. అందరూ వెళ్లాక కావలివాడు గేటు సగం మూసి, ఆయన కేసి చూశాడు.

"ఎవరికోసం?"

కుర్చీలాయన ఏదో చెప్పబోయాడు. లోపల ఎక్కడో ప్రెస్సు మూత ధడాలున పడిన చప్పుడైంది. ఆయన ఉలిక్కిపడి అటు చూశాడు. కావలివాడు మాత్రం చూడలేదు. అది అలవాటైన చప్పుడు.